పిస్తోళ్లపై ముద్రలు: అవి చెప్పు చరిత్ర

రాజవంశముల చరిత్రకు శిలాశాసనములు, తామ్రశాసనములు సాక్ష్యములైనట్లే, ఆధునిక యుద్ధముల చరిత్రకు ఆయుధములపై గల ముద్రలును సాక్ష్యములగుచున్నవి. జర్మను సైన్యపు పిస్తోళ్లు ఇందుకు మంచి నిదర్శనము. వానిపై గల అంకెలను, అక్షరములను, గ్రద్ద గుర్తులను చదువనేర్చినవారికి ఒక ప్రభుత్వము చేసిన కపటము తేటతెల్లమగును.

జర్మను సైన్యము 1908లో లూగర్ పిస్తోలును స్వీకరించెను. అందుచేతనే దానికి పి.08 అను పేరు వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధకాలమున తూటా నిలుచు గదిపైన తయారైన సంవత్సరమును ముద్రించెడివారు. ఎర్ఫర్ట్ ప్రభుత్వ కర్మాగారమున చేసినవానిపై కిరీటపు గుర్తు ఉండెడిది. కొన్నిటి పిడి ముందుభాగమున అవి ఏ దళమునకు చెందినవో సంక్షిప్తాక్షరములతో చెక్కబడియుండెను.

యుద్ధమున ఓడిన జర్మనీ 1919లో వెర్సేల్స్ సంధికి లోబడవలసివచ్చెను. సైన్యము లక్షమందికి మించరాదనియు, మిత్రరాజ్యములు అంగీకరించిన కర్మాగారములందే ఆయుధములు చేయవలెననియు అందు నియమములు కలవు. సూల్ పట్టణమందలి సింసన్ సంస్థ అట్టి అనుమతితో లూగర్లను తయారుచేసెను. ఆ సంస్థ యజమానులు యూదులు. నాజీలు అధికారమునకు వచ్చిన పిమ్మట దానిని వారినుండి లాగుకొనిరి.

1934లో మౌజర్ కర్మాగారము సైన్యమునకు లూగర్లను తయారుచేయనారంభించెను. సంధికి విరుద్ధమైన ఆ పని బయటపడకుండుటకై కర్మాగారము పేరునకు మారుగా ఎస్/42 అనియు, 1934వ సంవత్సరమునకు మారుగా కె అను అక్షరమును, 1935నకు జి అను అక్షరమును ముద్రించిరి. 1935 మార్చిలో హిట్లరు నిర్బంధ సైనికసేవను బాహాటముగా ప్రకటించెను. సంవత్సరమును దాచవలసిన పని ఇక లేకపోయెను. 1936 నుండి పూర్తి అంకెలు కనబడును. కర్మాగారముల పేర్లను మాత్రము శత్రువులకు తెలియకుండ దాచుచునే యుండిరి. మౌజరుకు బి.వై.ఎఫ్., వాల్థరుకు ఎ.సి., స్ప్రేవెర్క్ సంస్థకు సి.వై.క్యూ. అను సంకేతములు ఏర్పడినవి.

పరీక్షలో నెగ్గిన భాగములపై గ్రద్ద బొమ్మను, పరీక్షకవర్గపు సంఖ్యను వేసెడివారు. వాల్థరువారి పి.38 పిస్తోళ్లపై 359, స్ప్రేవెర్క్ వారివానిపై 88 కానవచ్చును. లూగరు చిన్న భాగములపై ఆయుధసంఖ్యలోని చివరి రెండంకెలు ఉండును. ఈ సంఖ్యలన్నియు సరిపోలిన పిస్తోలునకు సేకర్తలు హెచ్చు వెల నిత్తురు. కావుననే దొంగముద్రలు వేయువారును బయలుదేరిరి. 1936 సంవత్సరము గల లూగరుపై బి.వై.ఎఫ్. కనబడినచో తెలిసినవారు శంకింతురు. ఏలయన ఆ సంకేతము లూగర్లపైకి వచ్చినది 1941లో.

అయినను ముద్రలు చెప్పని సంగతియు నొకటి కలదు. స్ప్రేవెర్క్ సంస్థ నేటి చెక్ దేశమందలి హ్రాదెక్ పట్టణమున బలవంతపు కూలీలచేత పిస్తోళ్లు చేయించెను. నోయెన్‌గామె నిర్బంధశిబిరపు ఖైదీలు వాల్థర్ సంస్థకై ఆయుధభాగములు చేయవలసివచ్చెను. పరీక్షించినవారి సంఖ్య ఉక్కుపై నేటికిని నిలిచియున్నది. ఆ ఉక్కును మలచినవారి పేర్లు మాత్రము అందు లేవు. ముద్రలను చదువువారు ఈ లోపమునుగూడ చదువవలసియున్నది.