మన్రో దొర ఇంటి బెంగ

సర్ థామస్ మన్రో పేరు వినని వారు రాయలసీమలో అరుదు. రైతువారీ పద్ధతిని స్థాపించిన కలెక్టరుగా, మద్రాసు గవర్నరుగా ఆయనను చరిత్రకారులు స్మరింతురు. మా ప్రాంతపు వృద్ధులు ఆయనను గూర్చి కథలు చెప్పుకొనెడివారు. కొన్ని కుటుంబములలో బిడ్డలకు ఆయన పేరు సైతము పెట్టుకొనిరి. ఈ పాలకుని వెనుక మరియొక మన్రో కలడు. అతడు గ్లాస్గోలోని తల్లిదండ్రులకు, సోదరికి ఏండ్ల తరబడి ఉత్తరములు వ్రాసిన ప్రవాసి. ఉద్యోగరీత్యా స్వస్థలము వీడి ఢిల్లీలో కాపురముండు మనకు ఈ రెండవ మన్రో దగ్గరివాడని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన్రో 1761 వ సంవత్సరమున స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేసిన వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధముతో ఆ వ్యాపారము కూలిపోయెను. చదువునందు ఆసక్తి మిక్కిలిగా గల ఆ బాలుడు, డాన్ క్విక్సోట్ గ్రంథమును మూలమున చదువవలెనని స్వయముగా స్పానిష్ భాష నేర్చుకొనెను. అట్టివాడు కుటుంబ పరిస్థితులచే ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి, 1780 జనవరిలో మద్రాసు రేవున దిగెను. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిది ఏండ్లు. కడుపు చేతబట్టుకొని దూరదేశము పోవుట మనవారికే పరిమితమైన సంగతి కాదు.

ఆ దూరమెట్టిదో నేటివారికి ఊహించుట కష్టము. ఆ కాలమున ఓడలు ఆఫ్రికా ఖండమును చుట్టి వచ్చుటకు సుమారు అయిదారు మాసములు పట్టుచుండెను. ఉత్తరము వ్రాసి దానికి ప్రత్యుత్తరము పొందుటకు సంవత్సరము గడచిపోవును. తల్లికి జబ్బుగా నున్నదని తెలిసి కొడుకు దుఃఖించునప్పటికి ఆమె కోలుకొనియు ఉండవచ్చును, కన్నుమూసియు ఉండవచ్చును. నేను ఉద్యోగమునకై ఢిల్లీ వచ్చిన తొలినాళ్ళలో ఆదివారము రాత్రి ఎస్.టి.డి. బూతు ముందు వరుసలో నిలిచి, అమ్మతో మూడు నిమిషములు మాటలాడి, ఆ మూడు నిమిషములే వారమంతయు తలచుకొనెడివాడను. సంవత్సరమునకు ఒక్క జవాబుతో మన్రో ఎట్లు బ్రతికెనో అని అనుకొన్నప్పుడు, నా బాధ చిన్నదిగా తోచెను.

కంపెనీ దొరలనగానే మనకు పల్లకీలు, విందులు స్ఫురించును. చిన్న ఉద్యోగి జీవితము అట్లు లేదు. ఆకలి, అలసట, బీదతనము ఇవి ఎట్టివో ఇండియాకు వచ్చిన పిదపనే తెలిసినవని మన్రో ఇంటికి వ్రాసెను. స్వదేశపు ఓట్స్ జావకు బదులు బరకగా విసరిన పిండితో జావ కాచుకొని త్రాగితిననియు, మరునాటి భోజనము బహుశః అరటిపండ్ల వేపుడే కావచ్చుననియు ఒక లేఖలో నవ్వుచు చెప్పెను. ఆ నవ్వు తల్లి కంట తడి రాకుండుటకేనని ఇల్లు వీడినవారు గ్రహింపగలరు. హోటలు సాంబారు నోట పెట్టలేకపోయిన రోజున సైతము బాగుగా తింటినని ఇంటికి చెప్పనివారు మనలో ఎవరు?

స్థితి మెరుగైన ఆంగ్లేయులు ఇంటి బెంగను పలు విధముల తీర్చుకొనజూచిరి. సూర్యోదయమునకు ముందే గుఱ్ఱపు స్వారి చేసి, ఎండవేళ తడిపిన వట్టివేళ్ళ తడికల చాటున, పంకా గాలి క్రింద గడపిరి. 1833 లో అమెరికానుండి ఓడపై మంచుగడ్డలు కలకత్తాకు దిగెను; అట్టి మంచును నిలువ చేయుటకు 1842 లో మద్రాసు సముద్రతీరమున ఐస్ హౌస్ కట్టబడెను. జాన్ సలివన్ ఉదకమండలమున ఇల్లు కట్టి సీమ కూరగాయలు పెంచెను. 1864 లో సిమ్లా వేసవి రాజధాని అయ్యెను. చలి, పొగమంచు ఉన్నచోట కొంతసేపైనను తమ ఊరిలో ఉన్నట్లు వారికి తోచెడిది.

ఈ సందర్భమున ఒక సంగతి విస్మరింపరాదు. రేయింబవళ్ళు ఆ పంకా త్రాడు లాగినవానికిని ఒక ఊరు, ఒక ఇల్లు ఉండెను. అతని బెంగను గూర్చి ఏ సంపుటములును వెలువడలేదు. దొర తన ఇష్టము మేరకో, ధనాశచేతనో వచ్చి ఏలినవాడు. ఆ ఏలుబడి ఖర్చు మన రైతు చెల్లించిన శిస్తునుండియే వచ్చెను. మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా డేరాలలో నివసించుచు ఊరూర తిరిగి, పాళెగాండ్రను అణచి, భూములు కొలిపించి శిస్తు నిర్ణయించెను. ఆ శిస్తు భారమైనదని తానే గ్రహించి, నూటికి ఇరువదియైదు వంతులు తగ్గింపవలెనని 1807 లో సిఫారసు చేసెను. పైవారు అప్పుడు అంగీకరింపలేదు. తాను గవర్నరైన పిమ్మటనే అది అమలు జరిగెను. ఆయన యెడ సానుభూతి చూపుట వేరు, ఆ పాలనను మెచ్చుకొనుట వేరు.

1807 లో మన్రో స్వదేశమునకు బయలుదేరెను. ఇరువదియేడేండ్లు ఏ ఊరిని తలచుకొని బ్రతికెనో ఆ ఊరికి చేరెను. గ్లాస్గో సమీపమున కెల్విన్ నది ఒడ్డున నార్త్‌సైడ్ అను చోట బాల్యమున ఆయన ఆడుకొనెడివాడు. అచ్చటికి పోయిన దినమున ఎడతెగని వాన. ఎండుటాకులు రాలుచుండగా, ఆనకట్టపైనుండి దుముకు నీటిని చూచుచు గంటకు పైగా నిలిచెను. గాలి చప్పుడు, నీటి చప్పుడు పూర్వమువలెనే ఉన్నవి. కాని ఎదుటి గట్టుపై క్రొత్తగా వెలసిన చిన్న ఇల్లొకటి ఆ భ్రమను చెడగొట్టెను. గడచినది తిరిగి రాదని తెలిసెను. చిన్ననాటిని తలచినపుడెల్ల తనకు ఎండ కాయుచున్న దినమే జ్ఞప్తికి వచ్చుననియు, కారణమేమో తెలియదనియు ఆయన సోదరికి వ్రాసెను.

దూరపు కొండలు నునుపు అన్న మన సామెత ఆయనకు తెలిసియుండినచో కారణము దొరకియుండెడిది.

1814 లో జేన్ కాంబెల్‌ను పెండ్లాడి మన్రో తిరిగి మద్రాసు వచ్చెను. 1820 లో గవర్నరయ్యెను. 1826 లో చిన్న కుమారుని అనారోగ్యము కారణముగా భార్య బిడ్డతో స్వదేశమునకు వెడలెను. వారు లేని ఇల్లు, తోట శూన్యముగా తోచుచున్నవని ఆయన భార్యకు వ్రాసెను. ఉద్యోగ విరమణకు అనుమతి కోరి, వెడలిపోవుటకు ముందు దత్తమండలములను కడసారి చూడబోయి, 1827 జూలై 6 వ తేదీన పత్తికొండ వద్ద కలరా సోకి మరణించెను. గుత్తిలో ఖననము చేసిరి. 1831 లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. ఇల్లు చేరవలెనని కోరినవాడు మన నేలలోనే మిగిలిపోయెను.

నా బాల్యమున గుత్తి కోట క్రిందనున్న ఆంగ్లేయుల సమాధులను చూచితిని. అవి ఎవరివో ఆలోచింపలేదు. గత సంవత్సరము సెలవుపై మా ఊరికి పోయినపుడు నాకు మన్రో జ్ఞప్తికి వచ్చెను. నేను ఢిల్లీలో పిల్లలకు వర్ణించి చెప్పు వేపచెట్టు లేదు. దిగుడుబావి పూడ్చి అంగళ్ళు కట్టిరి. ఊరంతయు మారిపోయినదని నొచ్చుకొంటిని. మా అమ్మ నవ్వి, "నువ్వు ఈడనే ఉండింటే మారినట్లు తెలిసేదే కాదు నాయనా" అనెను. ఆ మాటకు నావద్ద జవాబు లేకపోయెను.

మన ఊరు మనకొరకు కదలక నిలిచియుండదు. మనము పిల్లలకు అప్పగింపగలిగినది ఆ చెట్టును, ఆ బావిని కాదు. వాటిని గూర్చి అమ్మ మాటలాడిన భాషను మాత్రమే. మా పిల్లవాడు తెలుగు మాటలాడును గాని చదువలేడు. ఈ వ్యాసము ముగించిన రాత్రియే వానిని కూర్చుండబెట్టి అక్షరములు దిద్దించితిని. వాడు మొట్టమొదట వ్రాసినది అమ్మమ్మకు రెండు వాక్యముల ఉత్తరము. అందు తప్పులు చాల ఉన్నవి. దిద్దక అట్లే తపాలాలో వేసితిని.