మొరం రోడ్డు, రాత్రి బడి, రక్తం

మా ఖానాపురం హవేలి 2012లో ఖమ్మం కార్పొరేషన్‌లో కలిసింది. అంతకుముందు పంచాయతీ. పంచాయతీ రోజుల్లో కాలేజీ పిల్లలు సేవ చేయడానికి ఇలాంటి ఊళ్ళకే వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడి ఇళ్ళలోంచే పిల్లలు బ్యాగు తగిలించుకుని రఘునాథపాలెం వైపు తండాలకు క్యాంపుకు పోతున్నారు. చదువుకునేటప్పుడు నేనూ తట్ట మోశాను. లెక్చరర్‌నయ్యాక ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా మోయించాను. ఈ సేవ ఎక్కడ మొదలై ఎటు వచ్చిందో చెప్పుకోవాలంటే ఎన్‌ఎస్‌ఎస్ కంటే వెనక్కి పోవాలి.

నిజాం కాలంలో పై చదువు ఉర్దూలో. తెలుగు పుస్తకం చేతికి అందాలంటే గ్రంథాలయమే దిక్కు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం పుట్టాయి. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ కూడా ముందుగా పట్టుకున్నది బడులూ గ్రంథాలయాలే. ఆ మహాసభే 1945 నాటికి రైతుల సభగా మారి, పన్నెండో సమావేశం మా ఖమ్మంలో జరుపుకుంది. ఈ మధ్యలోనే 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను బయటికి పంపారు. వాళ్ళలో చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు ముగించారు. పి.వి. నరసింహారావు ఆ జట్టులోని వాడే. ఆ రోజుల్లో రాత్రి బడులు పెట్టి లాంతరు కింద ఊరివాళ్ళకు అక్షరాలు దిద్దించిన కుర్రాళ్ళు సొంత భాషలో చదువు దొరకనివాళ్ళు. తమకు లేనిదాన్ని తమతో పాటు ఊరికీ సంపాదించబోయారు. ఈ సంగతి మళ్ళీ అవసరమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చాక సేవ సర్కారు ఫైలుకెక్కింది. 1950లో కేంద్ర విద్యా సలహా మండలి విద్యార్థులు స్వచ్ఛందంగా కొంతకాలం సేవ చేయాలంది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ ఇంకో అడుగు ముందుకేసి, యూనివర్సిటీలో చేరబోయే ప్రతివాడూ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా సేవ చేసి తీరాలని రాసింది. అంత డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలన్న ప్రశ్న దగ్గర అది ఆగిపోయింది. మరుసటి ఏడు కె.జి. సైయిదైన్ ఇతర దేశాల పద్ధతులు పరిశీలించి, నిర్బంధం వద్దు, ఇష్టమున్నవాళ్ళతోనే నడపమన్నాడు. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 యూనివర్సిటీల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ప్రారంభించారు. మొదటి జట్టు 40 వేల మంది.

ఆ 1969 మాకు మరోలా గుర్తు. జనవరిలో పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో స్థానికుల ఉద్యోగాల గొడవ రాజుకుంది. ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి తెలంగాణ రక్షణల అమలు కోసం నిరాహార దీక్షకు కూర్చున్నాడు. చూస్తుండగానే తెలంగాణ అంతటా కాలేజీలు మూతపడ్డాయి. ఢిల్లీలో విద్యార్థుల చేతికి పార ఇద్దామని ఆలోచిస్తున్న ఏడాదే ఇక్కడి విద్యార్థులు జైళ్ళలో ఉన్నారు. మా తరం తట్ట పట్టుకునేనాటికి ఆ వేడి చల్లారింది కానీ, ‘మీరు మాకేం చేస్తారు?’ అని ఊళ్ళో అడిగితే నీళ్ళు నమిలే రోజులు పోయాయి. మా ప్రాంతానికి ఏం రావాలో అప్పటికే గొంతెత్తి అడిగినవాళ్ళం.

పథకం నడిచే తీరు సులువే. వంద మందికి ఒక యూనిట్, దానికొక ప్రోగ్రాం ఆఫీసర్. రెండేళ్ళలో 240 గంటల పని, మధ్యలో ఒక ఊళ్ళో మకాం వేసి ప్రత్యేక శిబిరం. మకాం ఊరి బడిలో. బెంచీలు గోడవారకు జరిపి గడ్డి పరిచి, దాని మీద దుప్పట్లు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పుచారూ గోంగూర పచ్చడీ. ఎవరి పొలంలో వంకాయలు కాస్తే ఆ రోజు వంకాయ కూర. ఆడపిల్లలు ఉంటే ఊరి అమ్మలు ఒప్పుకోక తమ ఇళ్ళకు తీసుకుపోయి పడుకోబెట్టేవాళ్ళు. పార, గడ్డపార, తట్ట పంచాయతీవి. ట్రాక్టర్ సర్పంచ్‌గారిది, డీజిల్ మాది. పొద్దెక్కకముందే మొరం తవ్వి పుంతకు పోసేవాళ్ళం. సాయంత్రం బుర్రకథో నాటికో. రాత్రి ఇంటింటి సర్వే: ఎందరు, ఏం చదివారు, నీళ్ళు ఎక్కణ్ణుంచి, జబ్బులేంటి.

శిబిరాల్లో రోడ్డుకే మోజెక్కువ. కారణం ఒకటే, రిపోర్టులో కొలతకు దొరికేది రోడ్డే. ఇన్ని మీటర్లు అని రాయొచ్చు, ఫొటో తీయొచ్చు, ఎమ్మార్వోగారితో రిబ్బన్ కత్తిరింపించొచ్చు. రెండు వానాకాలాలు గడిస్తే మొరమంతా పొలాల్లోకి కొట్టుకుపోయేది. సర్వే కాయితాలు మాత్రం కొన్నిచోట్ల పనికొచ్చాయి. బోరు మంజూరు కోసం మండల ఆఫీసుకు పోయిన సర్పంచ్ చేతిలో ఆ లెక్కలే ఉండేవి.

తొంభైల్లో సేవలోకి పారతో పాటు పలక వచ్చింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తుంటే దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలతో ఆగక సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఏ సర్క్యులర్‌లోనూ ఆ లక్ష్యం రాసి లేదు. నేర్చుకోవడానికి కూర్చున్నవాళ్ళే పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు.

ఇప్పుడు మా జిల్లాలో సేవ అంటే ఎక్కువగా రక్తం. ఖమ్మంలో తలసేమియా పిల్లలు ఎక్కువ. అలాంటి బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించకపోతే ఒంట్లో హిమోగ్లోబిన్ నిలవదు. పద్దెనిమిదేళ్ళు నిండి, ఆరోగ్యంగా ఉన్నవాడు మూడు నెలలకోసారి ఇవ్వొచ్చు, ఆడపిల్లలైతే నాలుగు నెలలకోసారి. కాలేజీ గేటు పక్కన శిబిరం పెడితే వరస కడతారు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు వరద ఇళ్ళలోకి వచ్చి బురద నింపిపోయినప్పుడూ పిల్లలు అలాగే వచ్చారు. ఎవరూ పిలవలేదు, హాజరు పట్టీ లేదు.

కానీ ఒక యూనిట్ రక్తంతో తలసేమియా బిడ్డకు గడిచేది కొన్ని వారాలే. తలసేమియా జన్యువు మోసేవాళ్ళు చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. అలాంటి ఇద్దరు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో ఆ సంగతి పెళ్ళికి ముందే తేలుతుంది. పెళ్ళీడు అంటే మన వాలంటీర్ల ఈడే కదా. వాళ్ళు క్యాంపుకు పోయే తండాల్లోనూ అదే ఈడు పిల్లలున్నారు.

అందుకే నేటి ప్రోగ్రాం ఆఫీసర్లకు నేను చెప్పేది ఒకటే. ఈసారి క్యాంపు ఊళ్ళో కాదు, కాలేజీలో మొదలుపెట్టండి. వందమంది వాలంటీర్లకూ ముందు ఆ పరీక్ష చేయించండి. ఫలితం ఎవరిది వాళ్ళకే చెప్పండి, నోటీసు బోర్డుకు ఎక్కించకండి. ఆ తర్వాత తండాకు పోయి, మేం చేయించుకున్నాం, మీరూ చేయించుకోండి అనమనండి. నిజాం నాటి రాత్రి బడి కుర్రాళ్ళ మాట ఊరు విన్నది వాళ్ళకూ ఆ కొరత ఉన్నందుకే. మొరం పోసిన మాకు ఊరికి చెప్పే ఆ హక్కు సగమే ఉండేది. పోసిన రోడ్డు మీద మళ్ళీ మేం నడవలేదు.