బొగ్గు నుంచి యూరియా: రామగుండం కట్టిన పందెం

లైట్లు ఒక్కసారి మసకబారాయి.

కంట్రోల్‌రూంలో అందరి చూపూ గేజీల మీదే. కరెంటు పోలేదు, వోల్టేజి కాస్త కుంగిందంతే. ఆ కాస్త చాలు. అప్పటిదాకా కాళ్ల కింద నేలను అదరగొట్టిన కంప్రెసర్ల హోరు ఒక్కసారిగా సన్నగిల్లింది.

"మళ్లా గదేనా అన్నా?"

"గదే తమ్మీ. గ్యాసిఫైయర్ ట్రిప్పయింది. ఆక్సిజన్ బంద్ చెయ్, జల్ది!"

1980లలో గోదావరిఖని పక్కన, రామగుండంలోని ఫర్టిలైజర్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌సీఐ) ఎరువుల కర్మాగారంలో ఇలాంటి రాత్రులు ఎన్నో. ఆగడానికి క్షణం. మళ్లీ మొదలవడానికి?

ఈ కర్మాగారం ఎందుకంత అవసరమైందో 1973 చెబుతుంది. ఆ అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. 3 డాలర్ల పీపా కొన్ని నెలల్లోనే 12 డాలర్లకు చేరువైంది. పెట్రోలు ధరల మీద నిరసనగా వాజ్‌పేయి నవంబరు 12న ఎడ్లబండెక్కి పార్లమెంటుకు వచ్చారు. అసలు దెబ్బ పొలానికి తగిలింది. అప్పట్లో మన యూరియా చాలావరకు నాఫ్తాతో తయారయ్యేది. నాఫ్తా అంటే చమురే. రామగుండంలో, ఒడిశాలోని తాల్చేరులో బొగ్గుతో యూరియా చేద్దామన్న ఆలోచన అంతకు ముందే ఉంది. చమురు మంట అంటుకున్నాక ఇక వెనక్కి తగ్గే వీల్లేదు.

బాయిలో చెమటోడ్చి ఫిల్లర్ టబ్బుకెత్తిన బొగ్గు పైకొచ్చి, మిల్లులో పిండై, ఆక్సిజన్‌తో కలిసి కాపర్స్-టోట్జెక్ గ్యాసిఫైయర్‌లోకి దూసుకెళ్లి, వెయ్యి డిగ్రీలు దాటిన మంటలో వాయువై, బూడిదనూ గంధకాన్నీ వదిలించుకుని, హైడ్రోజనై గాలిలోని నైట్రోజన్‌తో కలిసి అమ్మోనియాగా మారి, కార్బన్ డయాక్సైడ్‌తో జతకట్టి, చివరికి తెల్లటి గింజలై రైతు సంచిలోకి రాలాలి. ఇందులో ఒక్క మెట్టు జారినా మొత్తం ఆగుతుంది.

1980 నవంబరు 1న వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. రోజుకు 1,500 టన్నుల యూరియా లక్ష్యం. ప్లాంటు ఆ అంకెను నిలకడగా ఏనాడూ అందుకోలేదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ. కరెంటు నమ్మకం లేనిది. కిందా మీదా పడి మళ్లీ నడిపించేలోపు ఇంకో కుదుపు. నష్టాలు పేరుకున్నాయి. 1992లో ఎఫ్‌సీఐని ఖాయిలా సంస్థగా తేల్చారు. అయినా సైరన్ మోగుతూనే ఉంది, 1999 మార్చి 31 దాకా.

ఆ రోజుతో ఆగింది. క్వార్టర్లు ఖాళీ అయ్యాయి. పనిమంతుల చేతుల్లోని అనుభవం ఎక్కడికక్కడ చెదిరిపోయింది. దేశానికి జరిగిన అసలు నష్టం అదే. చైనా మాత్రం బొగ్గును వదల్లేదు. అక్కడి యూరియాలో సింహభాగం ఇవాళ్టికీ బొగ్గు నుంచే.

రామగుండంలో అదే నేల మీద రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ (ఆర్‌ఎఫ్‌సీఎల్) లేచింది. 2021 మార్చి 22న ఉత్పత్తి మొదలైంది, ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో. ఈసారి బొగ్గు లేదు. కాకినాడ దగ్గరి మల్లవరం నుంచి వచ్చే పైపులైన్లో గ్యాసు. దేశం వాడే గ్యాసులో సుమారు సగం ఓడల్లో వచ్చేదే. చుట్టూ బొగ్గు బాయిలు, మధ్యలో గ్యాసు పైపు!

2025 ఆగస్టు. ముసురు. సొసైటీ గోదాముల ముందు తెల్లారకముందే చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో ఉన్నాయి. దిగుమతి యూరియా ఆలస్యమైంది. సాంకేతిక లోపంతో రామగుండం ప్లాంటూ ఆగింది.

"మనకాడ ఖార్ఖానా పెట్టుకోని గీ లైన్ల నిలబడుడేందే?"

జవాబు చెప్పేవాళ్లు లేరు. వరిపైరు ఆగదు.

రామగుండం గ్యాసుకు మారినా, తాల్చేరు మాత్రం మళ్లీ బొగ్గునే నమ్ముకుంది. 2018లో అక్కడ గ్యాసిఫికేషన్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బూడిద పోటును తట్టుకోడానికి ఈసారి బొగ్గులో పెట్‌కోక్ కలుపుతారు. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చాలన్నది కేంద్రం లక్ష్యం. అందుకు 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహకాలకు కేబినెట్ ఒప్పుకుంది. ఆ లెక్కలో ఇక్కడి బొగ్గు తవ్వే సింగరేణికి, గోదావరిఖనికి వాటా రావాల్సిందే.