అక్రాలో ఆ గురువారం

ఆ దుంగని కాస్త లోపలికి నెట్టరా చిన్నోడా, పొగంతా నా మొహానికే కొడుతోంది. ఏమే బుజ్జీ, ఏమన్నావ్? టీవీలో మిలిటరీవాళ్లు వరసగా నిలబడి, ఒకడు కాగితం తీసి చదివితే ప్రభుత్వం పోయిందంటున్నారు, అదెలాగ తాతా అనా? అలాగే పోతుంది. మా రోజుల్లో టీవీ బదులు రేడియో. మిగతాదంతా ఇదే తంతు.

నేను ఘనాలో లెక్కలు చెప్పానని మీకు తెలుసుగా. పడమటి ఆఫ్రికాలో ఇంగ్లీషువాళ్ల చేతిలోంచి అందరికంటే ముందు బయటపడ్డ దేశం అది. 1957 మార్చి 6న. అంతకు ముందు దాన్ని గోల్డ్ కోస్ట్ అనేవాళ్లు. వాళ్ల నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. పిల్లలందరూ బడికి రావాల్సిందే, జీతం కట్టక్కర్లేదు అని 1961లో చట్టం చేశాడు. బడులైతే లేచాయి గానీ పాఠం చెప్పేవాళ్లు చాలలేదు. బయట దేశాల నుంచి పిలిపించుకున్నారు. అలా తెనాలి నుంచి నేనూ పోయి అక్రాలో పడ్డాను. మీ నానమ్మ ఒక్కటే అడిగింది, అక్కడ ఎండు మిరపకాయలు దొరుకుతాయా అని. దొరకడమేంటే, వాళ్ల షిటో పచ్చడి తిన్నావంటే మన కొరివికారం పక్కకి పెడతావ్ అని ఉత్తరం రాశాను.

ఎన్‌క్రుమాని మొదట్లో అక్కడి జనం ఎంత నెత్తిన పెట్టుకున్నారో మీకు చెప్పినా నమ్మరు. మనకి నెహ్రూ ఎలాగో వాళ్లకి ఆయన అలాగ. ఇద్దరికీ స్నేహం కూడా. 1958 చివర్లో మన దేశానికీ వచ్చాడు. టెమా దగ్గర కొత్త హార్బరు కట్టించాడు. వోల్టా నదికి అడ్డంగా అకొసొంబో దగ్గర డామ్ కట్టించాడు. దాని వెనక నిలిచిన నీళ్ల కోసం ఎనభై వేల మందిని ఊళ్లు ఖాళీ చేయించారు. మన నాగార్జునసాగరు ముంపు ఊళ్ల సంగతి ఎరిగినవాణ్ణి కదా, అక్కడ ఆ మాట విన్నప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. ఆ డామ్‌ని 1966 జనవరి 22న ప్రారంభించాడు. నెల తిరిగిందో లేదో ఆయన పనైపోయింది.

ఎందుకైపోయింది అంటే, కోకో దగ్గర మొదలెట్టాలి. మీరు నమిలే చాక్లెట్‌కి మూలం అదే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కోకో పండించేది అప్పట్లో ఘనాయే. 1954లో లండన్‌లో టన్ను 450 పౌన్లు దాటి పలికింది. 1965 వచ్చేసరికి వంద కిందకి జారింది. స్వతంత్రం నాటికి ఖజానాలో 20 కోట్ల పౌన్ల దాకా ఉండేవి. ఫ్యాక్టరీలు, డాములు, ఆఫ్రికా నాయకుల సమావేశం కోసమని కట్టిన పెద్ద పెద్ద మేడలు, అన్నీ కలిసి దాన్ని ఊడ్చేశాయి. పైగా అప్పులు. పాలడబ్బా లేదు, పంచదార లేదు. దిగుమతి లైసెన్సు ఎవడికి దొరికితే వాడు దొర. క్యూలో నిలబడి నిలబడి ఇంటికొచ్చి మళ్లీ కెంకేయే తినేవాళ్లం. పులిసిన మొక్కజొన్న పిండి ముద్దలే కెంకే అంటే. చేపతో తింటే బాగానే ఉంటుంది, కాదనను. కానీ ప్రతిరోజూనా?

ఆ 1965 జులైలోనే డబ్బులు మార్చారు. పౌను పోయి సీడీ వచ్చింది. వంద పెన్నీలు ఒక సీడీ. పాత పౌనులో 240 పెన్నీలు. అంటే పౌనుకి 2.4 సీడీలు. నా క్లాసు పిల్లలకి ఎన్ని లెక్కలు దొరికాయో! నోటు మీద మాత్రం ఎన్‌క్రుమా బొమ్మే.

ఆకలి ఒక్కటే అయితే జనం ఇంకొన్నాళ్లు ఓర్చుకునేవాళ్లేమో. ఇంకొకటి ఉంది. 1958లోనే ఒక చట్టం తెచ్చాడాయన. విచారణ లేకుండా ఎవర్నైనా అయిదేళ్లు లోపల పెట్టొచ్చు. డాంక్వా అని పెద్ద లాయరు, స్వతంత్రం కోసం ఆయనా పాటుపడ్డవాడే, 1960 ఎన్నికల్లో ఎన్‌క్రుమా మీద పోటీ చేశాడు. ఆయన్ని న్సావామ్ జైల్లో పెట్టారు. 1965 ఫిబ్రవరిలో అక్కడే పోయాడు. అంతకు ముందు యేడు, 1964లో, దేశానికి ఒకే పార్టీ ఉండాలా అని జనాన్ని అడిగారు. నూటికి 99.91 మంది అవునన్నారట. ఆశాంటీ ప్రాంతమంతా వెతికినా కాదన్న ఓటు ఒక్కటి లేదట. లెక్కల మాస్టారికి అంత శుభ్రమైన అంకె చూపిస్తే ఏం చేస్తాడు? నోరు మూసుకుంటాడు. స్టాఫ్ రూములో అందరం అదే చేశాం.

అదే 1964 జనవరిలో ఒక పోలీసువాడు ఆయన మీద కాల్పులు జరిపాడు. ఆయన తప్పించుకున్నాడు, అంగరక్షకుడు పోయాడు. దాంతో పోలీసుల చేతుల్లోంచి తుపాకులు తీసేయించాడు. సైన్యాన్నీ నమ్మలేదు. తన కాపలాకని విడిగా ఒక రెజిమెంటు పెట్టుకున్నాడు. మంచి బూట్లు, కొత్త తుపాకులు వాళ్లకి. మామూలు సిపాయికి చిరిగిన యూనిఫారం. 1965లో ఇద్దరు పెద్ద జనరళ్లని ఇంటికి పంపించాడు, అందులో అంక్రా ఒకడు. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

చుట్టుపక్కల కూడా గాలి బాగాలేదు. 1966 జనవరి ఒకటో తారీకున మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో సైన్యం ప్రభుత్వాన్ని తీసుకుంది. మూడో తారీకున అప్పర్ వోల్టాలో. పదిహేనున నైజీరియాలో, ఆ దేశపు ప్రధాని బలేవాని చంపేశారు. మా హెడ్మాస్టరు పేపరు మడిచి బల్ల మీద పెట్టి, మనకేం ఫర్వాలేదులే అన్నాడు. ఫర్వాలేదని ఎవరైనా పనిగట్టుకుని చెప్పారంటే అర్థం ఏంటో మీరే ఆలోచించుకోండి.

ఫిబ్రవరి 21న ఎన్‌క్రుమా విమానం ఎక్కాడు. వియత్నాంలో యుద్ధం ఆపించడానికి హనోయ్ వెళ్తున్నాడు. హో చి మిన్ పిలిచాడు. ఇంట్లో నిప్పు రాజుకుంటుంటే పక్క ఊరి పంచాయతీకి పోవడం అని ఇప్పుడు చెప్పుకుంటాం గానీ, ఆ రోజు మాకెవరికీ అలా తోచలేదు. గొప్పగానే అనిపించింది.

ఆయన ఇలా వెళ్లగానే ఉత్తరాన తమాలే నుంచి సిపాయిలు లారీల్లో కిందకి బయలుదేరారు. కుమాసీలో బ్రిగేడు కమాండరు కల్నల్ కోటోకా, ఆయన కింద మేజర్ అఫ్రిఫా. ఎవరూ అనుమానపడలేదు. రొడీషియాలో తెల్లవాళ్లు ఏకపక్షంగా స్వతంత్రం ప్రకటించుకున్నాక, అక్కడికి మన సైన్యాన్ని పంపుదామని ఎన్‌క్రుమాయే అంటూ ఉండేవాడు. దానికోసమేలే అనుకున్నారు. లోపల మాత్రం పోలీసు పెద్ద హార్లీ కూడా కలిసే ఉన్నాడు.

గురువారం, 24వ తారీకు. ఇంకా చీకటి వదల్లేదు, ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ వైపు నుంచి టపటపా మోత. ఎన్‌క్రుమా ఉండేది, పనిచేసేది అక్కడే. పక్కగదిలో ఉండే మలయాళీ మాస్టారు లేచొచ్చి, ఏ పండగండీ అన్నాడు. రేడియో పెట్టాం. ఆరుగంటలప్పుడు గొంతు వచ్చింది, కోటోకాది. సైన్యం, పోలీసులు కలిసి ప్రభుత్వాన్ని తీసుకున్నారు, పార్లమెంటు రద్దు, ఎన్‌క్రుమా, మంత్రులు అందరూ బర్తరఫ్, ఆయన పార్టీ ఇక లేదు అని. గొంతు పెంచి చెప్పలేదు. అటెండెన్స్ పిలిచినట్టు చదివాడు.

అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. జనరల్ బార్వా అని, సైన్యంలో ఎన్‌క్రుమాకి నమ్మిన మనిషి, లొంగనన్నాడు. ఆయన్ని ఇంట్లోనే కాల్చేశారు. ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ కాపలావాళ్లు పొద్దెక్కేదాకా పోరాడారు. ఎంతమంది పోయారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. ఎన్‌క్రుమా భార్య ఫాతియా ఈజిప్టు మనిషి. ముగ్గురు పిల్లల్నీ పట్టుకుని ఈజిప్టు ఎంబసీలో దూరి, అట్నుంచటే కైరో పోయింది. ఆయనకేమో పెకింగులో దిగాక తెలిసింది. హనోయ్ చేరనేలేదు.

అమెరికావాళ్ల పని అని అప్పుడే గుసగుసలు. తర్వాత బయటికొచ్చిన అమెరికా ప్రభుత్వ కాగితాల్లోనే ఉంది, ఈ కుట్ర సంగతి వాళ్లకి 1965 నుంచి తెలుసని, జరిగినందుకు సంతోషించారని. అయితే వీధుల్లో గంతులేసింది అమెరికావాళ్లు కాదు. అది నేను కళ్లారా చూశాను.

మకోలా మార్కెట్లో ఒక ఆవిడ దగ్గర గుడ్డలు కొనేవాణ్ణి. అక్కడ పెద్దావిడ ఎవరైనా ఆంటీయే. ఆ మార్కెట్ ఆడవాళ్లే ఎన్‌క్రుమా పార్టీకి మొదట్నుంచీ వెన్నెముక, చందాలిచ్చింది వాళ్లే, మీటింగులకి జనాన్ని తెచ్చింది వాళ్లే. ఆయన బొమ్మ అచ్చేసిన గుడ్డలు ఆంటీ ఎన్ని బారలు అమ్మిందో. తర్వాత నేను మార్కెట్‌కి పోయేసరికి ముఖానికి తెల్ల పొడి రాసుకుని, పాట పాడుతూ చిందులేస్తోంది. పార్లమెంటు ముందున్న ఆయన విగ్రహాన్ని అప్పటికే పడగొట్టారు. ఏంటాంటీ, నిన్నటిదాకా ఆయన మనిషివి కదా అన్నాను. మా తమ్ముడు న్సావామ్ నుంచి వస్తున్నాడు మాస్టారూ అంది. బొమ్మ గుడ్డలు పారెయ్యలేదు, మడతలు తిప్పి దొంతర అడుగున పెట్టింది. సరుకు సరుకే.

న్సావామ్‌లోంచి వాళ్లొచ్చారు. ఎన్‌క్రుమా మంత్రులు లోపలికెళ్లారు. జైలు మటుకు ఖాళీగా ఉండలేదు.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది, ఎన్టీ రామారావుగారి సంగతి తలుచుకోండి. 1984లో అమెరికాలో ఆపరేషను చేయించుకుని రాగానే కుర్చీ లాగేశారా లేదా? కానీ ఇక్కడ అసెంబ్లీ ఉంది. నావైపు ఇంతమంది ఉన్నారు, లెక్కపెట్టుకోండి అని ఎమ్మెల్యేలని వెంటేసుకు తిరిగాడు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి. ఎన్‌క్రుమాకి లెక్కపెట్టించుకునే చోటేదీ? ఆ చోటుని 99.91 నాడే ఆయన తన చేత్తో మూసేశాడు. ఆయన్ని దించడానికి జనానికీ దారి లేదు, తిరిగి రావడానికి ఆయనకీ దారి లేదు. నాకు కోపమూ ఉంది, జాలీ ఉంది. ఇప్పటికీ రెండూ విడదీసుకోలేను.

గినీ దేశపు సెకూ టూరే ఆయన్ని పిలిచి, నువ్వూ నాతోపాటు ప్రెసిడెంటువే పో అన్నాడు. 1958లో ఫ్రెంచివాళ్లు గినీని వదిలేసి పోయినప్పుడు కోటి పౌన్లు అప్పిచ్చింది ఎన్‌క్రుమాయే. మర్చిపోలేదు వాడు. ఎన్‌క్రుమా 1972లో రుమేనియాలో జబ్బుతో పోయాడు.

అక్కడ ఘనాలో ఇందాకటి అంక్రా కుర్చీలో కూచున్నాడు. 1967లో నోట్ల మీది బొమ్మ తీసెయ్యడానికి మళ్లీ కొత్త సీడీ తెచ్చారు. ఈసారి పౌనుకి రెండు. నా క్లాసుకి మళ్లీ లెక్కలు. ఆ యేడు ఏప్రిల్లో ఒక లెఫ్టినెంటు, ఆర్థరని, నూట ఇరవైమందిని తీసుకుని నేనూ ప్రభుత్వాన్ని పడగొడతానని వచ్చాడు. వాళ్లు పెద్దవాళ్లయి చెయ్యగా లేనిది నేను చేస్తే ఏం అని. పడగొట్టలేకపోయాడు గానీ వాళ్ల చేతిలో కోటోకా పోయాడు. రేడియోలో చదివిన ఆ కోటోకాయే. చనిపోయిన చోట విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. ఆ తర్వాత ఎన్నికలు, బూసియా ప్రధాని. 1972లో ఆయన వైద్యానికి లండన్ వెళ్తే వెనక కల్నల్ అచియాంపాంగ్ ఆయన్ని దింపేశాడు. అచియాంపాంగ్‌ని 1978లో తన కింద జనరలే దింపాడు. 1979 జూన్లో రాలింగ్స్ అనే కుర్ర పైలట్ వచ్చి, ఆ ఇద్దర్నీ, అఫ్రిఫానీ, ఇంకొందర్నీ టెషీ దగ్గర గోడ ముందు నిలబెట్టి కాల్పించాడు. అఫ్రిఫా కుమాసీ నుంచి లారీల్లో వచ్చిన ఆ మేజరే, మర్చిపోయారా?

నేనప్పటికి ఇంటికొచ్చేశాను. మలయాళీ మాస్టారు అక్కడే ఉండిపోయాడు, ఉత్తరాలు రాసేవాడు. ధరలన్నీ పెంచింది మార్కెట్ ఆడవాళ్లేనని ఆ 1979 ఆగస్టులో సిపాయిలు మకోలాని డైనమైట్ పెట్టి పేల్చేశారట.

ఆంటీ ఏమైందంటావా? ఊళ్లో ఒక వరండాలో దుకాణం తెరిచిందట. మాస్టారు వాళ్లావిడకి ఆరు గజాలు తీసుకున్నాడు. సిపాయిలు కట్టిన రేటు ఒకటి, ఆవిడ చెప్పిన రేటు ఒకటి. ఆవిడ చెప్పినదే ఇచ్చానండీ అని రాశాడు.