ఇంజనాయిలు: నాడు – నేడు



1970లలో నేను నాగార్జునసాగర్ కుడికాలువ పనుల్లో, మాచర్ల, గురజాల వైపు తిరిగే జీపులకు మెకానిక్కుగా పనిచేశాను. అప్పట్లో మాకు తెలిసిన శాస్త్రం ఒక్కటే: పల్నాటి ఎండకు చిక్కటి ఆయిలే మేలు. వేళ్ల మధ్య రాసి చూసి, 30 నెంబరో 40 నెంబరో పోసేవాళ్లం.

ఆ నెంబర్లకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలోని ఎస్.ఏ.ఈ. సంస్థ 1911లో ఆయిళ్లను చిక్కదనాన్ని బట్టి విభజించింది. చిక్కదనం ఒక్కటే చూస్తే నాణ్యత తెలియదు. అందుకని ఏ.పి.ఐ. సంస్థ 1947లో వేరే తరగతులు పెట్టింది. 1970 నాటికి పెట్రోలు ఇంజన్లకు 'ఎస్', డీజిలుకు 'సి' అక్షరాలు వచ్చాయి. 5డబ్ల్యు-30 అంటే మొదటి అంకె చలిలో పారే గుణం, రెండవది వేడిలో నిలిచే చిక్కదనం.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలు అమలయ్యాక డీజిలు కార్లకు మసిని పట్టే ఫిల్టర్లు వచ్చాయి. పట్టిన మసి కాలిపోతుంది గాని, ఆయిలు వదిలే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. అందుకే వాటికి బూడిద తక్కువగా వచ్చే ఆయిలే వాడాలి.

ఇదేమీ పట్టించుకోక, మా అబ్బాయి వద్దంటున్నా, వాడి కారుకు రెండుసార్లు ట్రాక్టరు ఆయిలే పోయించాను. ఒకనాడు నరసరావుపేట దారిలో హెచ్చరిక దీపం వెలిగింది. ఫిల్టరు పూడుకుపోయిందన్నారు. నా రెండు నెలల పెన్షను దానికే సరిపోయింది. వాడు పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కనుక మిత్రులకు నా మనవి: కారుతో ఇచ్చిన పుస్తకంలో చిక్కదనం, తరగతి, ఎన్ని లీటర్లు అన్నవి చూడండి. అవే అంకెలు, అక్షరాలు డబ్బా మీద ఉంటేనే పోయించండి. అనుభవం గొప్పదే గాని, ఈ విషయంలో పుస్తకం తర్వాతే.