పడమటి మండలాల్లో ఆత్మల పండుగ

కార్తీకం వచ్చిందంటే వెంకటగిరికోట, కుప్పం ప్రాంతాల్లో చామంతికి గిరాకీ మొదలవుతుంది. గంపలకొద్దీ పూలు గుళ్లకు, నోములు నోచే ఇళ్లకు వెళ్తాయి. నవంబరు 2న అవే పూలు కతోలికుల సమాధుల మీదికీ చేరతాయి. తెలుగు కతోలికులు ఆత్మల పండుగ అనీ, సమాధుల పండుగ అనీ పిలుచుకునే రోజు అది. ఫ్రాన్సులోనూ ఇదే రోజుల్లో సమాధులకు చామంతులు పెడతారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో కతోలిక విశ్వాసానికి పునాది వేసింది కూడా ఫ్రెంచి గురువులే.

పండుగ పని ముందురోజుల్లోనే మొదలవుతుంది. ఈశాన్య రుతుపవనాల వానకు ఎర్రమట్టి దిబ్బలు కుంగిపోతాయి, గడ్డి ఏపుగా పెరుగుతుంది. ఇంటిల్లిపాదీ పారలు, కొడవళ్లు పట్టుకెళ్లి గడ్డి కోసి, మట్టి ఎగదోసి, సిలువకు సున్నం కొడతారు. చెరిగిపోయిన పేరును నల్లరంగుతో మళ్లీ దిద్దుతారు. రాయి నాటించే స్తోమత లేనివారికి, ఈ దిబ్బ ఫలానా అవ్వదని చూపించే పెద్దవాళ్లే ఆధారం. దివ్యబలిపూజ ముగిశాక విచారణ (పారిష్) గురువు సమాధుల మధ్య నడుస్తూ పవిత్రజలం చల్లుతారు. కొవ్వొత్తులు గాలికి ఆరిపోకుండా పక్కన ఇటుక ముక్కలు నిలబెడతారు. సాంబ్రాణి పొగలో జపమాల సాగుతుంది. మరణం తర్వాత శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు బతికున్నవారి ప్రార్థన మేలు చేస్తుందన్నది కతోలికుల విశ్వాసం. అందుకే నవంబరు నెలంతా చనిపోయినవారి పేరిట పూజలు చెప్పిస్తారు.

ఈ ఆచారానికి వెయ్యేళ్ల చరిత్ర ఉంది. ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి ఒదిలో సుమారు 998లో తన మఠాలన్నిటా సకల పునీతుల పండుగ మరునాడు, అంటే నవంబరు 2న, మృతుల కోసం ప్రార్థించాలని నియమం పెట్టాడు. క్రమంగా అది పశ్చిమ దేశాల గుడులన్నిటికీ పాకింది. మొదటి ప్రపంచ యుద్ధం లక్షల ప్రాణాలను బలిగొంటున్న 1915లో పోపు 15వ బెనెడిక్టు ఆ రోజున ప్రతి గురువూ మూడు పూజలు చేయవచ్చని అనుమతించాడు.

ఇక మన నేల సంగతి. పుదుచ్చేరి కేంద్రంగా ఫ్రెంచి జెస్విట్లు నడిపిన కర్ణాటక మిషన్ 18వ శతాబ్దం మొదట్లోనే పుంగనూరు దాకా వచ్చింది. ఫాదర్ మొదుయి 1702 జనవరి నాటి లేఖలో తన పడమటి ప్రయాణాన్ని, పుంగనూరును వర్ణించాడు. తర్వాత ఫాదర్ ద ల ఫొంతేన్ అక్కడే మకాం పెట్టాడు. 1733 జనవరి 24న ఫాదర్ కల్మెత్ రాసిన లేఖ మీద ఊరి పేరు 'వెంకటగిరి' అని ఉంది. పుంగనూరు, చిక్కబళ్ళాపురం మిషన్ల దారిలోని నేటి వెంకటగిరికోటే అదని భావిస్తారు. వేదాల ప్రతులు సంపాదించి పారిస్‌లోని రాజ గ్రంథాలయానికి పంపిన కల్మెత్ ఇతడే.

ఈ గురువులు కాషాయం కట్టి, మాంసం మాని, సన్న్యాసుల్లా బతికారు. ఆ పద్ధతి వల్ల అగ్రవర్ణాల వారి దగ్గరికి వెళ్లగలిగారు గానీ, దళితుల ఇళ్లలో మాత్రం అడుగు పెట్టలేదు. ప్రాణం పోతున్న మనిషిని గుడిసె నుంచి మోసుకొస్తేనే చివరి సంస్కారం అందేది. పోపు ప్రతినిధి తూర్నో 1704లో పుదుచ్చేరిలో ఇచ్చిన ఉత్తర్వు దీన్ని తప్పుపట్టింది: రోగి ఏ కులం వాడైనా గురువే అతని ఇంటికి వెళ్లాలని ఆదేశించింది. దానిపై దశాబ్దాల పాటు వాదాలు నడిచాయి. 1744లో పోపు 14వ బెనెడిక్టు ఆ వాదాలకు తెరదించి, ఆదేశాన్ని ఖాయం చేశాడు.

1773లో జెస్విట్ సంఘం రద్దయింది. 1776లో మిషన్ బాధ్యత పారిస్ విదేశీ మిషన్ల గురువులకు వెళ్లింది. అదే కాలంలో మైసూరు యుద్ధాలు, కరువులు ఈ ప్రాంతాన్ని అతలాకుతలం చేశాయి. చివరికి 1976లో కడప మేత్రాసనం (డయోసిస్) ఏర్పడి, కడప జిల్లాతో పాటు చిత్తూరు జిల్లా కూడా దాని కిందికి వచ్చింది.

ఫ్రెంచి గురువుల పేర్లు మనకెలా తెలిశాయి? వాళ్ల లేఖలు కూడా ఉన్న జెస్విట్ లేఖల 34 సంపుటాలను పారిస్‌లో 1702 నుంచి 1776 దాకా అచ్చువేశారు కాబట్టి. వాళ్లకు తెలుగు నేర్పినవారు, గురువు లేనప్పుడు జపాలు చెప్పించి, చనిపోయినవారిని మట్టి చేసిన ఉపదేశులు కూడా ఉన్నారు. గురువు వచ్చేది ఏ ఆరునెలలకో అయితే, చావుబతుకుల్లో ఊరివాళ్లకు తోడు నిలిచింది ఆ ఉపదేశులే. అలాంటివారిలో ఎక్కువమంది పేర్లు ఏ సంపుటానికీ ఎక్కలేదు.

మామూలు మనుషుల పేర్లు నిలబెట్టే ఏర్పాటు శ్రీసభలో ఎప్పటి నుంచో ఉంది. 1614 నాటి రోమను సంస్కార గ్రంథం ప్రతి విచారణలోనూ మృతుల పుస్తకం రాయమంది. ఖననం కాగానే వివరాలు నమోదు చేయాలని 1983 నాటి ధర్మశాస్త్రమూ చెబుతోంది. కూలీకీ భూస్వామికీ అందులో ఒకే వరుస. కొన్నిచోట్ల శ్మశానంలో మాత్రం కులాల గోడలు ఇంకా ఉన్నాయి. దళితుల పట్ల వివక్ష పాపమని, దాన్ని తొలగించాలని భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో విధాన పత్రమే వెలువరించింది. తూర్నో ఉత్తర్వు వచ్చి 300 ఏళ్లు దాటినా అది రాయాల్సి వచ్చిందంటే, పని మిగిలే ఉందన్నమాట.

పక్కనే ఉన్న కోలారు బంగారు గనులకు ఇక్కడి నుంచి ఎన్నో కుటుంబాలు వలస వెళ్లాయి. 2001లో గనులు మూతపడ్డాక ఆ కుటుంబాల పిల్లలు బెంగళూరు, చెన్నై చేరారు. దిబ్బను చూపించే పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే ఈ నవంబరులో సమాధుల దగ్గరికి వెళ్లేవారికి ఒక మనవి. పూలతో పాటు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. ఏ దిబ్బ ఎవరిదో పెద్దలను అడిగి పేరు, ఊరు, తెలిస్తే ఏడాది రాసుకోండి. ఒక ప్రతిని విచారణ గురువుకు ఇవ్వండి.