అరచేతి భాష

మా గొంతు చేరజాలనివారు కొందరు కలరు. చూపు, వినికిడి రెండును లేని వారికి మాట అరచేతి మీదుగానే అందవలెను.

1887 ఏప్రిల్‌లో అమెరికాలోని టస్కంబియాలో ఆన్ సలివన్, ఏడేళ్ళయినను నిండని హెలెన్ కెల్లర్ చేతిని పంపు క్రింద పట్టి, రెండవ చేతిలో 'నీరు' అను మాటను వ్రేళ్ళ గుర్తులతో తెలిపినది. నీటి విలువ ఎరిగిన అనంతపురము వారికి ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు. ఆ కెల్లరే 1955లో మన దేశమునకు వచ్చినపుడు పాలీ థామ్సన్ వెంట నుండి, ఎదుటివారి పలుకులను ఆమె చేతికి అందించినది.

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురము చేరి పని ప్రారంభించిన పిమ్మట, ఆయన సంస్థ ఈ కరవు సీమలో బధిరులకు, అంధులకు వేర్వేరు పాఠశాలలు నెలకొల్పినది. ఒకచోట పాఠము కంటికి, వేరొకచోట చెవికి. రెండును మూసుకొన్న బిడ్డకు మూడవ దారి వలయును. 1977లో బొంబాయిలో కెల్లర్ పేర వెలసిన విద్యాలయము అందుకు ఉపాధ్యాయులను తీర్చిదిద్దినది. సంజ్ఞను చేతికి తగిలించుట, గదిలో ఎవరు వచ్చిరో, ఎవరు నవ్విరో తెలుపుట, తన అభిప్రాయము చేర్చకుండుట: ఇదియే శిక్షణ. చివరిది వార్తలు చదువు మాకును కష్టమే!

2016 చట్టము బధిరాంధత్వమును పేర్కొన్నది. కాని వానలు లేని యేట తల్లి కూలికై బెంగుళూరు పోయినచో, ఆ బిడ్డ చేతి గుర్తులు తెలిసినవారు ఇంట ఎవరుందురు?